గబ్బిలాల గుమ్మానికి కోకోవెన్ సీలు

ఆ రోజుల్లో మాకు రాష్ట్రం ఒక్కటే కొత్తది, మిగతావన్నీ పాతవే. బస్సుల మీద మధ్యప్రదేశ్ అన్న మాటకి రంగు పూసి, ఆ రంగు ఆరీ ఆరకముందే దాని మీద ఛత్తీస్‌గఢ్ అని రాశారు. ఎండ గట్టిగా తగిలితే కిందున్న పాత పేరు మెల్లగా పైకి తేలేది. "ఇల్లు కదపకుండానే రాష్ట్రం మారిపోనాం. రేపు మీ నాన్న రిటైరై నిజంగా ఇల్లు మారితే ఇంకేటవుతాదో" అని మా అమ్మ కందిపప్పు ఏరుకుంటూ ఆశ్చర్యపోయేది. నాన్నకి ఆ ఏడాదే రిటైర్మెంటు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, కోహ్కాలో సగం లేచిన మా సొంత ఇంటికి వెళ్ళాలి. ఆ సంగతి ఎత్తితే అమ్మ పప్పులో రాయి లేకపోయినా వెతికేది.

మా భిలాయ్‌లో ఆకాశం సాయంత్రం రెండుసార్లు ఎర్రబడుతుంది. ఒకసారి సూర్యుడు దిగినప్పుడు, ఇంకోసారి ప్లాంటు అవతల స్లాగ్ పారబోసినప్పుడు. (స్లాగ్ అంటే కొలిమిలో ఇనుము తీసేశాక మిగిలే కరిగిన చెత్త. దాన్ని ఒంపినప్పుడు చీకటి పడ్డ ఆకాశం కూడా కాసేపు నారింజ రంగుకి తిరుగుతుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఊరు అంటుకుందని లేచి నిలబడేవారు. మేం వాళ్ళ చేతిలో టీ గ్లాసు పెట్టి కూర్చోబెట్టేవాళ్ళం.) పుట్టినప్పటినుంచీ ఆ ఆకాశాన్ని చూస్తున్నాను గానీ, ఆ ఎరుపు మీదుగా రోజూ ఎవరు వెళుతున్నారో డిగ్రీ పూర్తయ్యేదాకా ఒక్కసారీ చూడలేదు. పైగా అది జువాలజీ డిగ్రీ.

ఆ డిగ్రీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా తెలుగువాళ్ళలో జంతువుల చదువు చదివిన మొదటి ఆడపిల్లనని చర్చిలో నాకు 'జువాలజీ పాప' అని పేరు పెట్టారు. క్యాంప్ 2 పేటలో ఎవరి కుక్క అన్నం మానేసినా, ఎవరి కోడి గుడ్డు పెట్టకపోయినా నాకు కబురొచ్చేది. నాకొచ్చిందల్లా కప్పని కోయడం. కోసిన కప్పని మళ్ళీ కుట్టడం మాకు నేర్పలేదు. గబ్బిలం గురించైతే మూడు మార్కుల ప్రశ్న రావచ్చని గైడులో ఉన్న మూడు వాక్యాలు బట్టీ పట్టాను. గబ్బిలం పక్షి కాదు, క్షీరదం. క్షీరదాల్లో ఎగరగలిగింది అదొక్కటే. అది పిల్లల్ని కని పాలిస్తుంది. ప్రశ్న రాలేదు. వాక్యాలు మాత్రం ఎవరైనా అడుగుతారేమోనని నాలుక చివర కాచుకుని కూర్చున్నాయి.

మా చర్చి చిన్నది. ప్లాంటు కట్టే రోజుల్లో విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా తాతల తరం డ్యూటీలు దిగాక తలా నాలుగు ఇటుకలు మోసి కట్టుకున్నది. పైన సిమెంటు రేకులు, వాటి కింద ప్లైవుడ్ సీలింగు, ఆ రెండింటి మధ్య మనిషి దూరలేని చీకటి. ఆ చీకటిలో గబ్బిలాలు కాపురముండేవి. ఆదివారం ఆరాధన జరిగినంతసేపూ అవి బుద్ధిగా నిద్రపోయేవి (ఆ విషయంలో మా పెద్దవాళ్ళలో చాలామందికీ వాటికీ తేడా లేదు). చిక్కంతా సాయంత్రం కూటాలప్పుడే. సీలింగులో ఊడిన పలక సందులోంచి ఒకటో రెండో దారి తప్పి కిందికి దిగి, ఫ్యాన్ల మధ్య చక్కర్లు కొట్టేవి. అంతకు ముందు క్రిస్మస్ వారంలో జరిగిన పెళ్ళిలో పెళ్ళికూతురు "ఒప్పుకుంటున్నాను" అనవలసిన చోట "ఓలమ్మో!" అని కేకపెట్టి అయ్యగారి అంగీ వెనక దాక్కుంది. అయ్యగారంటే మా పాస్టరు. ఆయన కళ్ళు మూసుకుని ఉండటం వల్ల, ఆవిడ దేనికి ఒప్పుకుందో ఇప్పటికీ సరిగా చెప్పలేరు.

ఈ పరిస్థితిలో మా అక్క పెళ్ళి కుదిరింది. అబ్బాయిది బొబ్బిలి దగ్గర, మంచి ఉద్యోగం, అంతకంటే మంచి నవ్వు. అక్క అన్నిటికీ సరేనని గబ్బిలాల మీద ఒకే ఒక్క షరతు పెట్టింది. "నా పెళ్ళిలో ఒక్క చమ్‌గాదడ్ కనిపించినా సరే, బస్, నేను దిగి ఇంటికొచ్చేస్తా. మీరే చేసుకోండి." అటునుంచి పెళ్ళికొడుకు నాయనమ్మ కూడా ఫోన్లో కట్నం ఊసెత్తలేదు, పెట్టుపోతలు అడగలేదు. "మీ గుళ్ళో గబ్బిలాలున్నాయట కదా, నిజమేనేటి?" అని మాత్రం అడిగింది. అమ్మ నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. "మనకి శకునాల్లేవు కదండీ" అంది. "నేవు నేవు, మనకి శకునాలెక్కడివి? అయినా గబ్బిలం ఒద్దు" అంది ఆవిడ.

ఆదివారం ఆరాధన కాగానే చర్చి వరండాలో కమిటీ కూర్చుంది. పొగ పెడదామన్నారు కొందరు, టపాకాయలు కాలుద్దామన్నారు కొందరు, కలరా ఉండలు చల్లుదామన్నారు ఇంకొందరు. అయ్యగారు జీవహింస వద్దన్నారు. అందరూ నా వైపు తిరిగారు. నా గుండె ఉప్పొంగింది. అన్నాళ్ళుగా కాచుకున్న మూడు వాక్యాలూ వరసలో నిలబడ్డాయి.

"అది పక్షి కాదండీ, క్షీరదం" అన్నాను.

"అంటే ఏటి?" అన్నాడు కోకోవెన్ మామయ్య.

"పిల్లల్ని కని పాలిస్తుంది మామయ్యా."

"ఓహో" అన్నారు అందరూ. చాలా తృప్తిగా తలలాడించారు. ఆ మాట కమిటీ మొత్తం విన్నది, అమ్మ విన్నది, చెప్పిన నేను అందరికంటే బాగా విన్నాను. ఆ తర్వాత ఉపాయం గురించి మాట్లాడుకున్నాం.

ఉపాయం అమ్మదే. మా టౌన్‌షిప్‌లో బతికిన వాళ్ళకే తట్టే ఉపాయం అది. రిటైరైనా క్వార్టరు వదలని వాళ్ళ గురించి మా వీధిలో ఒక పుకారుండేది. వాళ్ళు ఊరెళ్ళి వచ్చేసరికి తలుపుకి కొత్త తాళం వేలాడుతుందని. నిజంగా అలా జరగడం ఎవరూ చూడలేదు గానీ, ఆ భయంతో మా పక్కింటివాళ్ళు సొంత చెల్లెలి పెళ్ళికి కూడా ఇద్దరూ కలిసి వెళ్ళలేదు. "కొట్టొద్దు, తరమొద్దు. సందేళకి ఆళ్ళు డ్యూటీకెళ్తారు గదా, ఎల్లాక తాళమేసీండి. ఇంకో ఇల్లు ఎతుక్కుంటారు" అంది అమ్మ. అయ్యగారి ముఖం వెలిగింది. హింస లేదు, ఖర్చు లేదు. తాళం వేసే పని మామయ్య అడగకుండానే నెత్తికెత్తుకున్నాడు.

కోకోవెన్ మామయ్య అమ్మకి వరసకి అన్న. ముప్పై ఏళ్ళు కోక్ ఓవెన్లలో చేసి రిటైరయ్యాడు. అక్కడ బొగ్గుని గదుల్లో పోసి, పైన మూతలు పెట్టి, మూతల చుట్టూ మెత్తటి మట్టి పూసి గాలి చొరకుండా మూస్తారు. తను పూసిన మూత దగ్గర పొగ పోగంత కూడా బయటికి రాలేదని ఆయన గొప్ప. ఇంట్లో పచ్చడి జాడీ మూత కూడా ఆయన పెడితే అత్తయ్య తీయలేకపోయేది. "పొగనే పోనీనేదు, గబ్బిలమొక లెక్కేటి?" అన్నాడు.

ముందు అవి ఎటునుంచి వెళతాయో కనిపెట్టాలి కదా. చదువుకున్నదాన్నని ఆ పని నాకిచ్చారు. తొలివాన పడిన మర్నాడు సాయంత్రం అమ్మా నేనూ చర్చి ఆవరణలో మెట్ల మీద కూర్చున్నాం. అమ్మ ఊరికే కూర్చోలేదు గనక చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీస్తోంది. ఉసిళ్ళు లేచి వీధి దీపం చుట్టూ మూగుతున్నాయి. పడమటి గోడ నెత్తిన, రేకుకీ గోడకీ మధ్య జానెడు పొడవు సందు ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఏమీ లేదు. సూర్యుడు దిగాడు, మొదటి ఎరుపు అయిపోయింది. అప్పుడు ఆ సందులోంచి ఒక చిన్న నల్లటి ముద్ద కిందికి జారింది. రాలి పడిందనుకున్నాను. నేలకి జానెడు దూరంలో అది విచ్చుకుంది, నా భుజం పక్కనుంచి పైకి లేచిపోయింది. ఇంకొకటి జారింది. ఇంకొకటి. తర్వాత ఒకటీ రెండూ అని వేరుచేసి చూడటం నా వల్ల కాలేదు. పిల్లలు బడి వదిలినప్పుడు గేటులోంచి వచ్చినట్టు వస్తున్నాయి, కానీ చప్పుడే లేదు. చెంపకి సన్నటి గాలి మాత్రం తగులుతోంది. ఒకదాన్నొకటి తాకడం లేదు, మమ్మల్ని తాకడం లేదు. అరచేతిలో సగం లేని ప్రాణులు మా తలల మీద ఒక నదిలా పారి ప్లాంటు వైపు వెళుతున్నాయి. సరిగ్గా అప్పుడే అవతల స్లాగ్ ఒంపారు. ఆకాశం రెండోసారి ఎర్రబడింది. ఆ ఎరుపులో వాటి రెక్కలు పల్చటి నూనె కాగితంలా వెలిగాయి. రెక్కలోపల ఎముకలు కనిపించాయి. అవి రెక్క ఎముకల్లా లేవు. వేళ్ళలా ఉన్నాయి. నా చేతికున్నట్టే వేళ్ళు, బొటనవేలు కూడా విడిగా. అవి చేతులు చాచుకుని ఎగురుతున్నాయి.

నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. నోట్లోకి ఒక ఉసిలిపురుగు వెళ్ళినా మూయలేదు. అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. "బీ షిఫ్టోళ్ళు దిగకముందే ఈళ్ళు ఎక్కీసినారే" అంది నెమ్మదిగా. తర్వాత, "ఇన్నేళ్ళు ఈ గుళ్ళో మోకాళ్ళూనినాను. నా నెత్తిమీద ఇంతమందున్నారని నాకెవలూ సెప్పనేదు" అంది. ఆ రాత్రి చిక్కుడుకాయ కూరలో ఈనెలు తగిలాయని నాన్న గొణిగాడు.

ఇంత చూశాక కూడా సందు మూయడం మానుకున్నామా అంటే, లేదు. పెళ్ళి శనివారం. గురువారం సాయంత్రం మామయ్య పాత హెల్మెట్టు పెట్టుకుని, నడుముకి తాడు కట్టుకుని వచ్చాడు. తన తందూరీ పొయ్యి కోసం దాచుకున్న అగ్గిమట్టి, దానిలో కాస్త సిమెంటు, సన్నగా తరిగిన గోనెపీచు. ఆ మిశ్రమం రహస్యం అత్తయ్యకి కూడా చెప్పలేదట. "పర్మిట్టు నేకుండా నాను నిచ్చెన ఎక్కను. ముప్పై ఏళ్ళ అలవాటు" అన్నాడు. పర్మిట్ ఎవరివ్వాలో ఎవరికీ తెలియలేదు. చివరికి అయ్యగారు చిన్న ప్రార్థన చేశారు. మామయ్య ఆమెన్ అని ఎక్కాడు. ముందు లోపల సీలింగులో ఊడిన పలకకి గట్టిగా మేకులు కొట్టాడు. తర్వాత బయట గోడ పక్కన కాచుకున్నాడు. గబ్బిలాల నది పారింది, పల్చబడింది, ఆగింది. "అందరూ డ్యూటీకెళ్ళిపోనారా?" అని పైనుంచి అరిచాడు. "ఎల్లిపోనారు!" అని కింద నుంచి అమ్మ అరిచింది. మామయ్య మట్టి పూశాడు. అద్దినట్టు పూశాడు, తడిచేత్తో నునుపు చేశాడు, వేలి కణుపుతో తట్టి చెవి పెట్టి విన్నాడు. దిగి వచ్చి, "పొగ కాదు, ఇంక ఈ గుళ్ళోంచి ప్రార్థన కూడా బయటికి పోదు" అన్నాడు. అయ్యగారికి ఆ మాట అంతగా నచ్చలేదు.

ఎలాగూ అందరం చేరాం కదా అని పెళ్ళి పాట సాధన మొదలుపెట్టాం. హార్మోనియం నాది. నేను వాయిస్తే అందులోంచి సంగీతం కంటే కీచుమనే చప్పుడు ఎక్కువ వస్తుందని అందరికీ అలవాటే. కానీ ఆ రోజు మరీ ఎక్కువగా కీచుమంటోంది. అక్క రెండుసార్లు చూసింది. మూడోసారి, "దేఖ్, నా పెళ్ళిరోజు మాత్రం ఈ పెట్టె తేకు" అంది. నేను హార్మోనియం మెట్లు తుడిచి మళ్ళీ వాయించాను. ఇంకా కీచుమంది.

"ఆపవే ఆ పెట్టె" అంది అమ్మ.

నేను చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాను. కీచుమనడం ఆగలేదు.

అందరం తలలెత్తాం. సీలింగు పైనుంచి వస్తోంది, సన్నగా, వందల గొంతుల్లో. ఒకచోట మొదలై, ఇంకోచోట అందుకుని, చర్చి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పాకుతోంది. అప్పుడు, అందరూ చూస్తుండగా, నా మూడో వాక్యం నా నోట్లోంచి దానంతటదే బయటికొచ్చింది. "పిల్లల్ని కని పాలిస్తుంది" అన్నాను. ఈసారి ఎవరూ ఓహో అనలేదు.

అమ్మ అందరికంటే ముందు బయటికి పరుగెత్తింది. మేం వెళ్ళేసరికి గోడ కింద నిలబడి పైకి చూస్తోంది. వేటకి వెళ్ళినవాటిలో కొన్ని అప్పుడే తిరిగి వచ్చేశాయి. సందు ఉండవలసిన చోటికి సూటిగా వచ్చి, గోడకి తగలకుండా చివరి క్షణంలో పక్కకి తిరిగి, మళ్ళీ చుట్టి వస్తున్నాయి. ఇంకొన్ని మామయ్య పూసిన మట్టి చుట్టూ గోడని కరుచుకుని, బొటనవేళ్ళతో దాన్ని గీరుతున్నాయి. లోపల పిల్లలు ఏడుస్తున్నాయి. వాటి మధ్యన ఉన్నది జానెడు మట్టి, అదీ మా మామయ్య పూసిన మట్టి. అంతమంది మనుషులం కింద నిలబడి ఉన్నా అవి మమ్మల్ని లెక్కచేయలేదు. మాకు భయపడే తీరిక వాటికి లేదు.

"ఓలమ్మ ఓలమ్మ, పసిగుడ్డులున్నాయి లోపల. డ్యూటీకెళ్ళిన తల్లికి తాళమేసీసినాన్రా" అని అమ్మ ఏడ్చేసింది. "అన్నయ్యా, తియ్యి. ముందు ఆ మట్టి తియ్యి."

అప్పుడు మామయ్య ముఖం చూసి తీరాలి. రిటైరయ్యాక వేసిన మొదటి సీలు అది. హెల్మెట్టు తీసి, బట్టతల తడుముకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. పాడైపోతుందని బాధపడుతున్నాడనుకుని అయ్యగారు ఓదార్చబోయారు. "అదికాదండీ" అన్నాడు మామయ్య. "కోకోవెన్ మూతంటే మళ్ళీ తియ్యడానికే ఏస్తాం. అక్కడైతే కోక్ తయారయ్యేదాకా బిగిత్తాం, తయారయ్యాక తీసీత్తాం. ఇది ఎప్పటికీ తియ్యనక్కర్నేదని పీచు కలిపీసినాను. ఊడతాదో నేదో." ఎక్కాడు. ఈసారి పర్మిట్ అడగలేదు. నిచ్చెనని అమ్మ ఒకవైపు, పట్టుచీర కోసం ఉపవాసాలు చేసి సన్నబడ్డ మా అక్క ఇంకోవైపు పట్టుకున్నారు. నేను టార్చి పట్టుకున్నాను. ఉలి మీద మొదటి దెబ్బకి ఠంగుమంది, మట్టి చెక్కుచెదరలేదు. రెండో దెబ్బకి ఉలి జారి కింద పడింది. తన పనితనాన్ని మామయ్య అంతగా తిట్టుకోవడం నేనెప్పుడూ వినలేదు, కొంత తెలుగులో, ఎక్కువ హిందీలో. గబ్బిలాలు ఆయన హెల్మెట్టు చుట్టూ తిరుగుతున్నాయి, ఒకటి ఆయన భుజం మీద వాలి అక్కణ్ణుంచి గోడ మీదికి పాకింది. ఆయన విదిలించలేదు. "రాయే తల్లీ, తీత్తన్నాను, తీత్తన్నాను" అంటూ కొడుతున్నాడు. టార్చి నీరసించి ఆరిపోయింది. ఇక చీకట్లో ఎలాగా అనుకుంటుండగా ప్లాంటు అవతల స్లాగ్ ఒంపారు. గోడ మొత్తం నారింజ రంగులో వెలిగింది. ఆ వెలుగులో మామయ్య ఒక్క దెబ్బ వేశాడు. మట్టి పెచ్చు ఒకటి ఊడి అక్క కాళ్ళ దగ్గర పడింది.

పిడికెడంత దారి. ఆయన చెయ్యి తీయకముందే మొదటి తల్లి లోపలికి దూరింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. మామయ్య సందు మొత్తం తెరిచి దిగేసరికి లోపల ఏడుపు తగ్గుముఖం పట్టింది. ఎవరింటినుంచో ఇంకో టార్చి తెప్పించి, నేను నిచ్చెన ఎక్కి ఒక్క క్షణం లోపలికి చూశాను. రేకు కింద వాసానికి పిల్లలు గుత్తులుగా వేలాడుతున్నాయి. వెంట్రుకలు రాలేదు, చిటికెన వేలి గోరంత ముఖాలు, అన్నీ ఒకేలాంటి ముఖాలు. ఒక తల్లి వాటి మీదుగా పాకుతూ, ఒకదాన్ని వాసన చూసి వదిలి, ఇంకోదాన్ని వదిలి, ఎక్కడో మూలనున్న ఒకదాని దగ్గర ఆగిపోయింది. రెక్క తెరిచి దాన్ని లోపలికి తీసుకుంది. రెక్క మూసింది. టార్చి ఆర్పి దిగిపోయాను.

"అంత చీకట్లో, అంతమందిలో తన పిల్లేదో ఎలా తెలుస్తుందే అమ్మా?" అన్నాను.

"నువ్వే కదే జువాలజీ" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత, "బడి గేటు కాడ ఒకే యూనిఫారంలో అంతమందొత్తా ఉంటే నిన్నెలా పోల్చుకున్నాను? అలాగే" అంది. మూడేళ్ళ డిగ్రీలో నాకు ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

మరి అక్క షరతు మాటేమిటి? అక్క ఊడిపడ్డ మట్టి పెచ్చుని కాలితో పక్కకి నెట్టింది. "ఛోడో" అంది చివరికి. "పెళ్ళి పొద్దుండగానే పెట్టించండి. వాళ్ళు డ్యూటీకి లేచేలోపు నేను దిగిపోతాను." అలా పెళ్ళి సాయంత్రం కూటం వేళ నుంచి మధ్యాహ్నానికి జరిగింది. శనివారం విశాఖపట్నం వైపు నుంచి వచ్చే రైలు మాత్రం ఈ మార్పు సంగతి తెలియనట్టు ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. మగపెళ్ళివారు మా రెండు గదుల క్వార్టర్లో దిగి, స్నానాలకి వరసలో నిలబడ్డారు. "గబ్బిలాలింటికి సుట్టాలెళ్తే 'నానూ ఏలాడతాను, నువ్వూ ఏలాడు' అన్నాయట. అలాగుంది మన పని" అని అమ్మ నా చెవిలో గొణిగి, వెంటనే నాలుక కరుచుకుంది. ఆ రోజు ఆ మాట ఎత్తకూడదని అందరం ఒట్టేసుకున్నాం.

పెళ్ళి మొదలయ్యేసరికి పొద్దు వాలుతోంది. అయ్యగారు ప్రసంగం ఎత్తుకున్నారు. ఆయన జీవితంలో చిన్న ప్రసంగం చేసిన దాఖలా లేదు. ఆదాము దగ్గర మొదలుపెట్టి, నోవహు ఓడ దాకా వచ్చి, ఓడలోకి జంటలు జంటలుగా ఎక్కిన జంతువుల దగ్గర ఆయన చూపు అనుకోకుండా సీలింగు మీదికి వెళ్ళింది. ఎదురుగా అమ్మ కిటికీ వైపు చూసి, ఆయన్ని చూసి, మళ్ళీ కిటికీని చూస్తోంది. ఓడని అక్కడే వదిలేసి ఆయన ప్రమాణాలకి వచ్చేశారు. అక్క "ఒప్పుకుంటున్నాను" అన్నది ఎంత వేగంగా అన్నదంటే, మగపెళ్ళివారు ఆ పిల్ల ఉత్సాహం చూసి మురిసిపోయారు. సీలింగు మీద చిన్నగా కదలిక మొదలైంది. నేను హార్మోనియం మీద వీలైనంత కీచుగా వాయించాను. నా సంగీతం ఒకరికి ఉపయోగపడింది ఆ ఒక్కరోజే.

పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ పడమటి గుమ్మం దాటి మెట్లమీద కాలు పెట్టారు, వెనక నాయనమ్మ, ఆవిడ వెనక అందరూ. సరిగ్గా అప్పుడే, వాళ్ళ నెత్తిమీద సందులోంచి మొదటిది జారింది. తర్వాత నది. పువ్వులు చల్లబోయిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. అక్క పెళ్ళికొడుకు మోచేయి పట్టుకుంది గానీ అరవలేదు, కదల్లేదు. తలెత్తి చూస్తోంది. తెల్లచీర మీద రెక్కల నీడలు పరుగెడుతున్నాయి. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆకాశం ఎర్రబడింది (మొదటి ఎరుపో, రెండోదో, ఆ రోజు చూసుకోలేదు). అందరూ నాయనమ్మ వైపు తిరిగారు.

ఆవిడ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చివరి గబ్బిలం వెళ్ళేదాకా చూసింది. "ఓలమ్మో" అంది. "ఇంతమందీ ఇందాకటినుంచి లోపలే ఉన్నారేటి?"

"ఉన్నారండీ" అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే.

"మా వోళ్ళకన్నా ఈళ్ళు నయం. అయ్యగారు ఆమెన్ అనకముందే మనోళ్ళు సగంమంది బంతిలో కూకున్నారు. ఈళ్ళు పెళ్ళయ్యేదాకా ఒక్కలూ బయటికి రానేదు."

అమ్మ ఏడ్చిందో నవ్విందో ఆ గోలలో తెలియలేదు. మామయ్య మాత్రం హెల్మెట్టు లేకపోయినా ఉన్నట్టే నెత్తి తడుముకున్నాడు.

వానలు వెనకబట్టాక నాన్న రిటైరయ్యాడు. సామాను కోహ్కాకి వెళ్ళిపోయింది. ఖాళీ క్వార్టరుని అమ్మ గదిగదీ కడిగింది, పొయ్యి గట్టు తుడిచింది, తలుపులన్నీ మూసింది. తాళాలు అప్పగించడానికి నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళి వంటింటి గవాక్షం తలుపు బార్లా తెరిచి వచ్చింది. "ఏటే అది, ఎవలికోసం?" అన్నాడు నాన్న. "ఎవలైనా డ్యూటీకెళ్ళున్నారేమో" అంది అమ్మ. నాన్నకి అర్థం కాలేదు. నేను వెనక్కి తిరిగి ఆ గవాక్షాన్ని చూశాను. పుట్టి పెరిగిన ఇల్లు వదులుతుంటే రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఇప్పుడు చర్చికి స్లాబు పడింది. పడమటి గోడలో జానెడు సందు వదలమని మామయ్య మేస్త్రీ దగ్గర నిలబడి మరీ వదిలించాడు. నేను వైశాలి నగర్లో కాపురముంటున్నాను, బళ్ళో పిల్లలకి జువాలజీ చెబుతాను. గబ్బిలం పాఠం వస్తే మూడు వాక్యాలతో సరిపెట్టను, మూడు పీరియడ్లు తీసుకుంటాను, సిలబస్ పూర్తికాలేదని మాట పడతాను. సందె వేళ దోమలొస్తాయని మా ఆయన కిటికీలన్నీ మూస్తాడు. వంటింటి గవాక్షం మాత్రం నేను మూయనివ్వను. ఇన్నేళ్ళలో అందులోంచి ఒక్క గబ్బిలమూ లోపలికి రాలేదు, దోమలు మాత్రం తమ ఇల్లనుకుని వస్తాయి. "ఎవరి కోసం తెరిచిపెడతావు ఇది?" అని ఆయన విసుక్కుంటాడు. ఒక్కోసారి దోమ కుట్టిన చెయ్యి గోక్కుంటూ నాకూ నవ్వొస్తుంది, సరే మూసేద్దామని వెళతాను. గడియ మీద చెయ్యి వేస్తాను. అవతల ఆకాశం రెండోసారి ఎర్రబడుతుంది. తెరిచే ఉంచి వచ్చేస్తాను.